విత్తనం మడుగు

నేను హోసూరులో ఒక బడిలో సైన్సు చెబుతాను. ప్రతి ఏడూ వానలు మొదలయ్యే రోజుల్లో ఆహార గొలుసు పాఠం వస్తుంది. బోర్డు మీద పాచి అని రాసి బాణం గీస్తాను. తర్వాత నీటిపురుగు, మళ్ళీ బాణం, చేప, మళ్ళీ బాణం, కొంగ. పిల్లలు బాణాన్ని తిప్పి గీస్తారు. కొంగ చేపను తింటుంది కాబట్టి బాణం కొంగ నుంచి చేప వైపు పోవాలని వాళ్ళ లెక్క. కాదురా, తిండి ఎటు పోతే బాణం అటు అని అరిచి అరిచి నా గొంతు పోయింది. నాకు కోపం ఎక్కువ. నా వెనకాల పిల్లలు ఏ పేరుతో పిలుస్తారో నాకు తెలుసు, అది ఇక్కడ రాయను. ఇప్పుడు మాత్రం పిల్లల కన్నా ఆ పుస్తకం మీదే కోపం వస్తుంది. అందులో చేప అని ఒకే ఒక్క గడి ఉంటుంది. ఏ చేప? ఏం తినే చేప? అలా అడగాలని నాకూ చాలా ఏళ్ళు తోచలేదు. తోచి ఉంటే మా ఊరి చెరువు ఇప్పటికీ చెరువుగానే ఉండేది.

మా ఊరు వేప్పనపల్లి అవతల, కుప్పం పోయే వైపు ఉంది. అంతా తెలుగు మాట్లాడేవాళ్ళమే, కాగితాలన్నీ అరవంలో ఉంటాయి. ఊరి చుట్టూ మామిడి తోటలు, తోటల కింద చెరువు. ఎండాకాలం చివర్లో చెరువు ఎండుతూ ఎండుతూ నాలుగైదు గుంటలుగా మిగిలినప్పుడు మా ఊళ్ళో చెరువు దిగే దినం అని ఒకటి ఉంది. ముందురోజు తప్పెట వేస్తారు. తెల్లారేసరికి ఊరంతా బురదలో ఉంటుంది. ఊత అని అడుగు లేని వెదురు బుట్ట, దాన్ని దబ్బున నీళ్ళలో గుచ్చి పైనుంచి చెయ్యి పెట్టి లోపల చిక్కిన చేపను తీస్తారు. ఊత లేనివాళ్ళు పాత చీర పట్టుకుని దిగుతారు. ఆ ఒక్క రోజు ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారని అడిగేవాడు ఉండడు. మధ్యాహ్నానికి ఊళ్ళో ప్రతి ఇంట్లోంచీ పులుసు వాసన వచ్చేది.

ఊరు మొత్తం దిగినా ఒక గుంటలో మాత్రం ఎవరూ కాలు పెట్టరు. అది తూము దగ్గర అన్నిటి కన్నా లోతైన గుంట. దాని పేరు విత్తనం మడుగు. దాని గట్టున తంగేడు కొమ్మ పాతితే ఇక ఆ నీళ్ళు ముట్టకూడదు. అందులో మిగిలిన చేపలే వానలు పడ్డాక చెరువంతా పిల్లలు పెడతాయి. ఆ కొమ్మ పాతే పని మా ఇంటిది. తాత తర్వాత అది మా చిన్నాయనకు వచ్చింది. మా నాన్నకు తమ్ముడు, నా కంటే పది పన్నెండేళ్ళు పెద్ద, అంతే. మామిడి తోట పని చేస్తాడు, పొద్దున లేస్తే ముందు చెరువు చూసి ఆ తర్వాతే తోటకు పోతాడు. ఎవరినైనా ఎగతాళి చేయకుండా ఒక్క మాటా అనడు. నన్ను పేరుతో పిలిచి ఎన్నేళ్ళయిందో, "సైన్సు వాత్యారూ" అనే పిలుస్తాడు, వాత్యారంటే అరవంలో పంతులు.

చేపల గురించి నాకు తెలిసిందంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఎమ్మెస్సీలో నేర్చుకున్నది పరీక్షలకు సరిపోయింది. మా చెరువు చేపల్లో అన్నిటి కన్నా పైన ఉండేది కొరమీను. పరకలనే సన్నచేపలనూ, కప్పలనూ, కనబడిన చిన్న చేపనల్లా తింటుంది. అయినా చిన్నాయన దాన్ని చెరువుకు కావలిదారు అనేవాడు. ఒకసారి నేను పెద్ద తెలివిగా, అది మిగతా చేపలను తినేస్తుంది కదా చిన్నాయనా, దాన్ని కాపాడితే చిన్న చేపలు ఎట్లా పెరుగుతాయి అని అడిగాను.

"అది కడుపు నిండితే గమ్మునుంటాదప్పా," అన్నాడు. "మన మాదిరి రేపటికి దాచుకోదు. కొరమీను లేని చెరువులో చిన్న మీన్లు ఎక్కువై తిండి చాలక సన్నబడిపోతాయి. యాడన్నా చూడు."

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. వానలు పడ్డాక కొరమీను జమ్ములో గుడ్లు పెడుతుంది. పిల్లలు కుంకుమ రంగులో ఉంటాయి. వందల పిల్లలు ఒకే ముద్దగా నీటి పైకి లేస్తాయి, మునుగుతాయి, మళ్ళీ లేస్తాయి. వాటి కింద తల్లి ఉంటుంది. ఆ ఎర్ర ముద్ద కనబడిన చోట గాలం వేయకూడదు, పిల్లల తల్లిని పట్టకూడదు. తల్లి పోతే పిల్లలు ఒక్క పూట కూడా నిలవవు, కనబడిన ప్రతిదీ వాటిని తినేస్తుంది. నిజానికి తండ్రి చేప కూడా కాపలా ఉంటుంది. మా ఊళ్ళో తండ్రి సంగతి ఎవరికీ పట్టదు.

ఇక నేను చేసిన పనికి వస్తాను.

మా అన్న తోటలో ఒక కుంట తవ్వించాడు. అడుగున టార్పాలిన్ పరిచి, బోరు నీళ్ళు నింపి, మామిడి మొక్కలకు పారించుకోవడానికి. ఆ ఏడు ఊళ్ళో జ్వరాలు వచ్చాయి. వదినకు కూడా వచ్చి కృష్ణగిరి ఆస్పత్రిలో వారం రోజులు ఉంది. ఇంటికి వచ్చాక ఆమె నాతో, "కుంట నిండా దోమ పురుగులు ఉండాయప్పా, మీ అన్నకు చెప్తే వినడు, నువ్వన్నా చెప్పు," అంది. వెళ్ళి చూశాను. నీళ్ళు కదిలిస్తే చాలు, పురుగులు గిలగిలా కిందికి పోయేవి. నాకు చాలా సంతోషం వేసింది, ఆ మాట దాచడం ఎందుకు. పాఠంలో చెప్పేది ఇంట్లో చేసి చూపించే అవకాశం. పురుగు, బాణం, చేప. కుంటలో చేపలు వేస్తే సరి, మందూ మాకూ అక్కర్లేదు అని వదిన ముందు ఉపన్యాసం ఇచ్చాను.

మరుసటి వారం హోసూరులో చేప పిల్లలు అమ్మే ఒకాయన దగ్గర కవరు నిండా తెచ్చాను. ఆయన నల్లటి పిల్లలను చూపించి, ఇవైతే చావవు సార్, ఏది వేసినా తింటాయి, నీళ్ళు ఎట్లా ఉన్నా పరవాలేదు అన్నాడు. వాటికి మీసాలు ఉన్నాయి. మా చెరువులో జెల్లలకు కూడా మీసాలు ఉంటాయి కదా అనుకున్నాను. ఏ జాతి అని అడిగానా? లేదు. చావదు, ఏదైనా తింటుంది అని ఆయనే నోటితో చెబుతుంటే, సైన్సు పంతులు అయ్యుండి, ఆ రెండు ముక్కలు కలిపితే ఏమవుతుందో ఆలోచించకుండా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. నేను తెచ్చింది పుస్తకంలో గడిలో ఉండే చేప. కుంటలో వదిలింది ఆఫ్రికా నుంచి వచ్చిన కెళుత్తి, ఇంగ్లీషులో క్యాట్‌ఫిష్ అంటారే, అది. దాన్ని పెంచకూడదని సర్కారు నిషేధం పెట్టిందని నాకు ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది.

దోమ పురుగులు నెల రోజుల్లో మాయమయ్యాయి. వదిన నన్ను దేవుణ్ణి చూసినట్టు చూసింది. అన్న కోళ్ళ అంగడి నుంచి పేగులు తెచ్చి వేస్తే అవి నీళ్ళలోంచి తలలెత్తి లాక్కునేవి. చూడటానికి వచ్చినవాళ్ళు మాకూ నాలుగు ఇవ్వప్పా అంటే బకెట్లలో పట్టి ఇచ్చాడు. మా ఇళ్ళల్లో అడిగినవాళ్ళకు విత్తనం లేదనకూడదు. రాగులైనా, చిక్కుడు గింజైనా, చేపైనా అంతే. అట్లా ఒక్క ఏడాదిలో పై తోటల్లో ఉన్న కుంటలన్నిటికీ ఆ విత్తనం పోయింది.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను వాన పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. కుంటలు పొంగి, నీళ్ళు కాలవల్లో పడి, కాలవలు చెరువులో పడ్డాయి. చెరువు నిండిందని ఊళ్ళో అందరూ మురిసిపోయారు. చిన్నాయన నాకు ఫోన్ చేసి, "మరవ పోతా ఉండాది, వచ్చి చూడు," అన్నాడు. పోయి చూశాను. మరవ అంటే అలుగు, దాని మీంచి నీళ్ళు దూకుతుంటే ఇద్దరం అక్కడ నిలబడి వేరుశనగలు తిన్నాం. ఆ నీళ్ళలో ఏముందో ఇద్దరికీ తెలియదు.

తర్వాతి ఎండాకాలం చెరువు దిగే దినానికి నేను గట్టు మీద ఉన్నాను. నడుం నొప్పి వచ్చినప్పటి నుంచి బురదలో దిగడం మానేశాను. మొదటి ఊతలోనే ఎవరికో మోచెయ్యంత పొడుగు నల్ల చేప చిక్కింది. మీసాలు, చప్పిడి తల. ఊరంతా దాని చుట్టూ మూగింది. ఇంకో ఊతలో ఇంకోటి. కేరింతలు, నవ్వులు. ఇంత పెద్ద మీన్లు మన చెరువులో ఎప్పుడన్నా పడినాయా అని ఒకరినొకరు అడుగుతున్నారు. అవేమిటో నాకు మాత్రం చూడగానే తెలిసింది. అన్న కూడా బురదలోంచి తలెత్తి నా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

చిన్నాయన అప్పుడే మడుగు దగ్గర తంగేడు కొమ్మ పాతుతున్నాడు. మడుగులో నల్లటి వీపులు తిరగడం పై నుంచి కనిపిస్తోంది. ఇద్దరు ముగ్గురు, ఈ సారి మడుగు కూడా పట్టేద్దామప్పా, ఇంత పెద్ద మీన్లు వదిలేదా అన్నారు. చిన్నాయన ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే ఆయన పని. తర్వాత నా వైపు తిరిగి పిలిచాడు.

"ఏమప్పా సైన్సు వాత్యారూ, ఈ కొత్త మీను యాడ నించి వచ్చిందో ఏమో. ఇది ఏం తింటాది?"

ఈ రెండేళ్ళలో ఆ ప్రశ్న నేను మర్చిపోయిన రోజు లేదు. జవాబు నాకు తెలుసు. ఆ నిమిషంలో నేను చెప్పాల్సింది ఇంతే: చిన్నాయనా, ఇది విత్తనానికి పనికిరాదు, మడుగు మొత్తం పట్టేయండి, కొరమీన్లను ఏరి ఒక తొట్టిలో దాచి వానలకు వదలండి. చెబితే, నీకెట్లా తెలుసు అని అడుగుతాడు. ఊరంతా బురదలో నిలబడి వింటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నన్ను పట్టేవాడు ఎవరూ లేరు. ఎక్కడో చూస్తూ నవ్వుతూ, "అన్నీ తింటుంది చిన్నాయనా," అన్నాను.

"అన్నీ తినేదైతే మన చుట్టమే," అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. "విత్తనాన్ని ఏరకూడదప్పా. మడుగులో ఏముంటే అది చెరువుది. రానీ."

కట్టుబాటు అదే మరి. ఇది మంచిది ఇది చెడ్డది అని ఏరితే మనిషి ఆశ లోపలికి వస్తుందని, పెద్ద చేపను పట్టి చిన్నదాన్ని వదులుతాడని, మా తాతల కాలం నుంచి ఆ మాట పెట్టారు. మంచి మాటే. ఆ మాట ప్రకారమే నల్ల చేపలనూ, కొరమీన్లనూ, జెల్లలనూ, పరకలనూ ఒకే మడుగులో పెట్టి వానలు పడేదాకా ఎండకు వదిలేశారు. నేను సాయంత్రం బస్సుకు హోసూరు వచ్చేశాను.

వానలు వచ్చాయి. చెరువు నిండింది. కప్పలు అరవలేదు. అది మొదట పట్టింది చిన్నాయనే. ఫోన్లో, "ఏందో ఈ ఏడు కప్పలు మూగవైపోయినాయి," అన్నాడు నవ్వుతూ. నెల తర్వాత ఇంకోసారి చేసినప్పుడు నవ్వలేదు. పరకలు లేవన్నాడు. సాయంత్రాలు నీటి మీద చిన్న చేపలు ఎగిరితే చినుకులు పడినట్టు ఉండేది మా చెరువు, ఇప్పుడు అద్దంలా కదలకుండా ఉందన్నాడు. నీటికాకులు నాలుగు రోజులు తుమ్మ చెట్టు మీద కూర్చుని, ఎన్నిసార్లు మునిగినా ఏమీ దొరక్క లేచిపోయాయన్నాడు. నత్తలు లేవు, పీతలు లేవు. ఎర్ర ముద్ద ఒక్కటి కూడా కనబడలేదు. ఆయన వయసులో అట్లాంటి వానాకాలం లేదట. నేను బడి పనులు ఉన్నాయని చెప్పి ఫోన్ పెట్టేసేవాణ్ణి.

ఇదంతా నేను బోర్డు మీద గీసి చెప్పగలను. కొరమీను గొలుసులో ఒక చోట ఉంటుంది. దాని పైన ఒకటి, దాని కింద ఒకటి. ఈ నల్లదానికి చోటు అంటూ లేదు. పాచి దగ్గరి నుంచి పరకల దాకా, పరకల నుంచి కప్పల దాకా, కోడిపేగుల దాకా అన్ని గడుల్లోనూ అదే కూర్చుంటుంది. ఎటు బాణం గీసినా దాని నోట్లోకే పోతుంది. ఇంత చక్కగా విడమరచి చెప్పగలిగినవాణ్ణి ఆ రోజు గట్టు మీద మూగవాణ్ణయ్యాను. నా చదువు ఎందుకు, కాల్చనా?

ఆ తర్వాతి ఎండాకాలం చెరువు దిగితే ప్రతి ఊతలోనూ నల్లదే. మొదటి ఏడు కేరింతలు కొట్టినవాళ్ళే ఇప్పుడు మూతి విరిచారు. ఆ చేప కూర ఎవరికీ రుచించలేదు, మట్టి వాసన. బురదలో ఎవరో అందరికీ వినబడేలా, "మడుగు కాస్తాను కాస్తానని ఏం కాసినాడో, దయ్యాన్ని కాసినాడు," అన్నారు. కంచే చేను మేసిందని ఇంకొకరు. చిన్నాయన ఆ మాటలకు తిరిగి ఎగతాళి చేయలేదు. ఆయన ఊరుకోవడం నేను చూడటం అదే మొదలు. ఆ రోజు తంగేడు కొమ్మ చేతిలోనే ఉంచుకుని మడుగు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, పాతలేదు. తర్వాత దాన్ని గట్టు అవతల పారేసి, "ఇంజిను తెప్పించండప్పా, తోడేద్దాం," అన్నాడు.

మా తాతల నుంచి ఎవరూ కాలు పెట్టని మడుగును మా ఇంటివాడే తోడించాడు. మూడు రోజులు డీజిలు ఇంజిను ఆడింది. మూడో రోజు నేను పోయాను. అడుగున నల్ల చేపలు ఒకదాని మీద ఒకటి పొర్లుతున్నాయి. మనుషులు వాటిని గంపలకెత్తి గట్టున పోస్తే అవి పొట్టలతో పాక్కుంటూ మళ్ళీ బురదలోకి దిగడానికి చూస్తున్నాయి. చిన్నాయన మోకాళ్ళ లోతు బురదలో చేతులతో తడుముతున్నాడు. ఒక్క కొరమీనన్నా ఉందేమోనని. నేను చూస్తుండగానే ఆయన మడుగు ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమాడు. ఆ తర్వాత కత్తి అడిగి ఒక పెద్ద చేప పొట్ట చీల్చాడు. లోపల అదే జాతి చిన్న చేప. ఇంకోటి చీల్చాడు. దాంట్లోనూ అదే.

"తినేదానికి ఇంకేమీ లేదు," అన్నాడు.

నేను అక్కడి నుంచి లేచి అన్న తోటకు పోయి, నీ కుంట ఖాళీ చెయ్, ఈ రోజే అని అరిచాను. అన్న నన్ను ఎగాదిగా చూశాడు. "తెచ్చేది నువ్వే, తీయమనేది నువ్వేనా?" అన్నాడు. తర్వాత పాపం వాడే ఖాళీ చేశాడు. అయితే ఏం లాభం, పై తోటల్లో ఎన్ని కుంటలకు ఆ విత్తనం పోయిందో వాడికే గుర్తు లేదు. గుర్తున్న నాలుగిళ్ళకు పోయి అడిగాం. ఇద్దరు తీసేస్తామన్నారు. మిగతా ఇద్దరు, దోమలకు మంచిదని మీరే కదా ఇచ్చినారు అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇట్లాగే ఉంటుంది.

మడుగు అడుగున సున్నం చల్లారు. చిన్నాయన ఈ సారి వానలకు చెరువును మొదటి నుంచి మొదలు పెట్టాలనుకున్నాడు. తొలి వానలకు నీళ్ళు చేరగానే కుప్పం వైపు ఏదో చెరువు నుంచి బిందెల్లో పరకలు తెచ్చి పోశాడు. కొరమీనును ముందే తేవచ్చు కదా అంటే, "తిండి లేని ఇంటికి కోడలిని తెస్తారా?" అన్నాడు. చాలా నెలల తర్వాత ఆయన నోట్లోంచి ఎగతాళి మాట విని నాకు ప్రాణం లేచి వచ్చింది. పది రోజులాగి ఒక జత కొరమీన్లను తెచ్చాడు. మోపెడ్ వెనక డ్రమ్ము కట్టుకుని, దారిలో నాలుగు చోట్ల నీళ్ళు మార్చుకుంటూ, రాత్రికి రాత్రి కాకుండా తెల్లారి చల్లగా ఉన్నప్పుడు బయల్దేరి వచ్చాడట. ఆ సంగతి ఆయన నాకు ఫోన్లో అరగంట చెప్పాడు.

ఆ తర్వాత రెండు నెలలు నిండకముందే ఒక శుక్రవారం బడిలో ఉండగా ఫోన్ వచ్చింది.

"వచ్చినాయప్పా," అన్నాడు. "ఎర్రగా వచ్చినాయి. తూము పక్క జమ్ములో. తల్లి కిందనే ఉండాది. ఆదివారం వచ్చి చూసిపో."

పిల్లల ముందే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సైన్సు పంతులు ఏడుస్తున్నాడని వాళ్ళకు వారానికి సరిపడా కబురు దొరికింది. శనివారమంతా నాకు నేను ఏవేవో సర్ది చెప్పుకున్నాను. చెరువు తిరిగి పుట్టింది కదా, ఇక చెప్పాల్సిన అవసరం ఏముంది, పాత పుండు కెలకడం ఎందుకు అని. చెప్పకుండా తప్పించుకోవడానికి నా మనసు ఎన్ని దారులు వెతుకుతుందో నాకే అసహ్యం వేసింది. అయినా చెప్పకూడదనే నిర్ణయించుకుని ఆదివారం బస్సెక్కాను.

గట్టెక్కేసరికి మధ్యాహ్నం దాటింది. జమ్ము దగ్గర చిన్నాయన నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. చేతిలో పొడుగు వెదురు కర్ర. కర్రతో నీళ్ళను ఒక పక్క కొడతాడు, తిరిగి ఇంకో పక్క కొడతాడు. ఆయన ముందు రెండు మూరల దూరంలో ఎర్ర ముద్ద. నేను చిన్నప్పుడు చూసినట్టే ఉంది, కాకపోతే అంత పెద్దది కాదు. పైకి లేచింది, బుడగలు వదిలి మునిగింది. మళ్ళీ ఇంకాస్త పక్కన లేచింది. గట్టు మీద వదిన కూర్చుని ఉంది. ఆమె ముందున్న అన్నం గిన్నె మూత కూడా తీయలేదు.

"నిన్న పొద్దున నించి ఆడనే ఉండాడప్పా," అంది. "రాత్రి మాత్రం మీ అన్న ఎత్తుకొచ్చినట్టు తీసుకొచ్చినాడు. తెల్లారకముందే మళ్ళీ దిగినాడు. తల్లి మీను లేదంట."

శుక్రవారం సాయంత్రానికి ఉన్న తల్లి శనివారం పొద్దున లేదు. తండ్రీ లేదు. పై కుంటల్లోంచి వానకు మళ్ళీ నల్లవి దిగాయి. పిల్లల కోసం వచ్చినవాటితో తల్లి పోట్లాడి ఉంటుంది. కొరమీను పోట్లాడుతుంది, పారిపోదు. కానీ అవి ఎన్ని, అది ఎంత. ఇప్పుడు ఆ ఎర్ర ముద్ద చుట్టూ నీళ్ళు అక్కడక్కడ మెల్లగా ఉబికి, సుడి తిరిగి, మళ్ళీ చదును అవుతున్నాయి. సుడి కనబడిన చోటల్లా చిన్నాయన కొడుతున్నాడు. అది పోతుంది, ఇంకో పక్క ఇంకో సుడి. ముద్ద మునిగి లేచిన ప్రతిసారీ కొంచెం చిన్నదవుతోంది.

"బయటికి రా చిన్నాయనా," అన్నాను గట్టు మీంచి. ఆయన తల తిప్పలేదు.

"ఇంకో ఇరవై దినాలు కాస్తే చాలు," అన్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది. "అప్పటికి రంగు మారతాయి. తమంతట అవి జమ్ములో దాక్కుంటాయి. ఇరవై దినాలు."

ఇరవై రోజులు మనిషి నీళ్ళలో నిలబడి చేప పిల్లలను కాయగలడా? ఆయన కాళ్ళు నీళ్ళలో నాని ఎట్లా ఉన్నాయో గట్టు మీదికి తెలియదు కానీ, కర్ర పట్టుకున్న చేతులు మాత్రం తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. అది చూశాక నేను బస్సెక్కే ముందు చేసుకున్న నిర్ణయం నిలవలేదు. చెప్పులు వదిలి ప్యాంటుతోనే నీళ్ళలోకి దిగాను. నడుం నొప్పి గుర్తు రాలేదు. ఆయన పక్కకు చేరి, "ఆ నల్ల మీన్లను ఊళ్ళోకి తెచ్చింది నేనే చిన్నాయనా," అన్నాను. "అన్న కుంటలో దోమలకని నేనే వేశాను. చెరువు దిగిన రోజు నువ్వు అడిగినప్పుడు నాకు తెలుసు."

ఆయన కుడి పక్క కొట్టాడు. ముద్ద ఎక్కడుందో చూసుకున్నాడు.

"మడుగు తోడినప్పుడే మీ అన్న చెప్పినాడు," అన్నాడు. కోపంగా అనలేదు, అలిసిపోయిన గొంతుతో అన్నాడు. "దోమలకు మీను వేయడం తప్పేమీ కాదప్పా, ఎవురైనా వేస్తారు. ఆ దినం గట్టు మీద అడిగినానే, అప్పుడు ఒక్క మాట చెప్పుంటే నేను మడుగు పట్టించేసుందును. ఆ పొద్దు దాంట్లో పదారు కొరమీన్లు ఉండె. నేను లెక్క పెట్టినాను." కర్రతో నా కుడి పక్క చూపించాడు. "ఆ పక్క కొట్టు. ఆ పక్క వస్తా ఉండాది."

జమ్ములో గుచ్చి ఉన్న ఇంకో కర్ర అందుకుని ఆ పక్క కొట్టాను. ఆయన ఎడమ పక్క, నేను కుడి పక్క. పొద్దు వాలే కొద్దీ నీళ్ళ మీద మెరుపు పడి సుళ్ళు సరిగా కనబడలేదు. కొన్నిసార్లు ఏమీ లేని చోట కొట్టాను, ఏదో ఉన్న చోట కొట్టలేకపోయాను. ఎర్ర ముద్ద అరచేయంత అయింది. తర్వాత గుప్పెడు. ఒకసారి నా కర్రకు అడుగు దూరంలో లేచింది. వేళ్ళ మీద లెక్క పెట్టగలిగినన్ని ఉన్నాయి. నోళ్ళు తెరిచి గాలి మింగి మునిగాయి.

"మునిగినాయి," అన్నాడు చిన్నాయన. "లేస్తాయి."

కొరమీను పిల్లలు నీటిలో ఎక్కువసేపు ఉండలేవు. గాలి కోసం కొన్ని నిమిషాలకు ఒకసారైనా పైకి రావాల్సిందే. అది నాకు తెలుసు, నా కంటే ముందు ఆయనకు తెలుసు. చేతి గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. గట్టు మీంచి వదిన, ఇంక రండప్పా, చీకటి పడతా ఉండాది అని పిలిచింది. చాలాసేపటికి నేను గడియారం చూడటం మానేశాను. చిన్నాయన మాత్రం ఎడమ పక్క ఒకసారి, తిరిగి నా పక్క ఒకసారి, నీళ్ళను కొడుతూనే ఉన్నాడు.